పాత గేమ్ మిషన్‌కు చేసి పంపిన కంట్రోల్ ప్యానెల్‌పై ఫిర్యాదు

గుంటూరు

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: డ్రాయింగు ప్రకారం తయారు చేయని కంట్రోల్ ప్యానెల్‌ను మార్చి ఇవ్వడం, నమూనాగా పంపిన పాత చెక్క పలకను తిరిగి పంపడం గురించి.

ఆర్యా,

మా ఇంట్లో ఉన్న పాత వీడియో గేమ్ క్యాబినెట్‌కు సరిపోయేలా, ఇద్దరు ఆడుకునే స్టీలు కంట్రోల్ ప్యానెల్ ఒకటి చేసి ఇవ్వమని గత మార్చిలో మీ సంస్థకు ఆర్డరు ఇచ్చి 14,800 రూపాయలు ముందుగానే చెల్లించాను. ఏడు వారాల తర్వాత వచ్చిన ప్యానెల్ నేను ఇచ్చిన డ్రాయింగుతోనూ, దానితో పాటు కొరియర్‌లో పంపిన పాత చెక్క పలకతోనూ సరిపోలేదు. ఆ సంగతి ఫోనులో చెబితే మీ టెక్నీషియన్ గారు, క్యాబినెట్ లోపలి గోడలను రెండు వైపులా నాలుగేసి మిల్లీమీటర్లు చెక్కించుకుంటే ప్యానెల్ చక్కగా కూర్చుంటుందని సలహా ఇచ్చారు. పొరపాట్లు ఎవరి పనిలోనైనా జరుగుతాయి కనుక, ఆ సలహా నా చెవిన పడకపోయి ఉంటే ఈ లేఖ ఇంత గట్టిగా రాసేవాడిని కాను.

ఆ క్యాబినెట్ ఏ కంపెనీ తయారీ కాదు. మా బాబాయి గారు 1994లో బ్రాడీపేటలో వీడియో గేమ్స్ షాపు పెట్టినప్పుడు, ఊళ్ళోని వడ్రంగి చేత 18 మి.మీ. ప్లైవుడ్‌తో చేయించి, పైన సన్‌మైకా అతికించి, లోపల పిక్చర్ ట్యూబు, పవర్ సప్లై, గేమ్ బోర్డు బిగించినది. చేతిపని కనుక లోపలి వెడల్పు ముందు అంచు దగ్గర 612 మి.మీ., వెనక అంచు దగ్గర 609 మి.మీ. ఉంటుంది. దాని మీద మొదట నడిచింది క్యాప్‌కామ్ వారు 1993లో విడుదల చేసిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. ఆ పేరు మా షాపులో ఎవరి నోటా వినిపించలేదు. అందులోని పాత్ర పేరు పెట్టి పిల్లలందరూ దాన్ని ‘ముస్తఫా’ అనే అడిగేవారు. కొట్టడానికి ఒకటి, ఎగరడానికి ఒకటి, రెండు బటన్లుంటే ఆ ఆటకు చాలు. తర్వాత బోర్డు మార్చి ‘స్ట్రీట్ ఫైటర్ 2’ పెట్టినప్పుడు మూడు గుద్దులకు, మూడు తన్నులకు కలిపి ఒక్కో ఆటగాడికి ఆరు బటన్లు కావలసి వచ్చాయి కాబట్టి, అప్పటికే ఉన్న మూడు రంధ్రాల వరుస కింద ఇంకో వరుస వేయించారు. నేను మీకు నమూనాగా పంపింది ఆ పలకనే.

ఇన్నేళ్ళ చెమటకు, తేమకు ఆ పలక ఉబ్బిపోయింది. మొదటి జాయ్‌స్టిక్ చుట్టూ సన్‌మైకా అరచేతి వెడల్పున అరిగి లోపలి చెక్క బయటపడింది, బోల్టులు పట్టు విడిచాయి. అందుకే కొత్త ప్యానెల్ చేయించాలనుకున్నాను తప్ప, పాతదాన్ని వదిలించుకోవాలని కాదు. పలక అడుగున ప్రతి రంధ్రం పక్కనా ఏ తీగ ఎక్కడ కలపాలో బాబాయి గారు బాల్‌పెన్నుతో తెలుగులో రాసుకున్నారు. ‘ఎరుపు – పైకి’, ‘పసుపు – కొట్టు’ అని ఒక్కోదానికి ఒక్కో మాట, మధ్యలో కొంచెం పెద్ద అక్షరాలతో ‘నలుపు – అన్నిటికీ’ అని ఉంటుంది. అన్ని స్విచ్‌లకూ గొలుసులా తిరగవలసిన గ్రౌండు తీగ గురించి ఆయన రాసుకున్న గుర్తు అది.

నేను ఇచ్చిన డ్రాయింగులో నాలుగు విషయాలు స్పష్టంగా ఉన్నాయి, ఆ నాలుగింటినీ అంగీకరిస్తూ మీరు పంపిన కొటేషన్ కూడా నా దగ్గర ఉంది. ప్యానెల్ వెడల్పు 607 మి.మీ. ఉండాలి. బటన్ రంధ్రాలు 28 మి.మీ. ఉండాలి. జాయ్‌స్టిక్‌లను రేకుకు నేరుగా కాకుండా 16 మి.మీ. కిందుగా వేలాడే ప్లేటుకు బిగించాలి. ఎర్తింగ్ తీగ కలపడానికి పెయింటు లేని బోల్టు ఒకటి వెల్డింగ్ చేసి ఉంచాలి.

వచ్చిన ప్యానెల్ వెడల్పు 615 మి.మీ. ముందు అంచు దగ్గర మూడు మిల్లీమీటర్లు, వెనక అంచు దగ్గర ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ. అది క్యాబినెట్ లోపలికి దిగదు. బటన్ రంధ్రాలు 30 మి.మీ. ఉన్నాయి. ఆ కొలత జపాన్ తరహా బటన్లకు సరిపోతుంది. మేము మొదటి నుంచీ వాడుతున్న, మీ చేతనే కొత్తవి కొనిపించిన, అడుగున చిన్న స్విచ్ ఉండే మైక్రోస్విచ్ బటన్లు అందులో బిగిస్తే నట్టు ఎంత తిప్పినా బటన్ పక్కకు జరుగుతూనే ఉంటుంది. రంధ్రం చిన్నదై ఉంటే ఆకురాయి పట్టి నేనే సరిచేసుకునేవాడిని, ఈ లేఖలో దాని ప్రస్తావనే ఉండేది కాదు.

జాయ్‌స్టిక్ ఎత్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ టెక్నీషియన్ గారు దాన్ని చాలా చిన్న విషయమన్నారు. పాత పలక మందం 18 మి.మీ., మీ రేకు మందం 2 మి.మీ. చెక్క పలక కోసం తయారైన పొడుగు కడ్డీ జాయ్‌స్టిక్‌ను పల్చని రేకుకు నేరుగా బిగిస్తే, ఆ తేడా అంతా పైకి వచ్చి కడ్డీ చివరి గుండు మునుపటి కంటే 16 మి.మీ. ఎక్కువ ఎత్తులో నిలబడుతుంది. ఆడేవాడి మణికట్టు ప్యానెల్ మీద ఆనదు, చెయ్యి గాలిలో ఉంటుంది, పది నిమిషాల్లో ముంజెయ్యి లాగుతుంది. డ్రాయింగులో వేలాడే ప్లేటు అడిగింది ఇందుకే. మీరు పంపిన దానిలో ప్లేటు లేదు, రేకుకే బోల్టులు వెల్డింగ్ చేసి ఉన్నాయి.

ప్యానెల్ క్యాబినెట్‌లో దిగకపోయినా వైరింగ్ అయినా సరిగ్గా ఉందో లేదో చూద్దామని, అంచుల మీద రెండు చెక్క దిమ్మలు పెట్టి ప్యానెల్‌ను వాటిపై పడుకోబెట్టి, ప్యానెల్ తీగలను గేమ్ బోర్డుకు కలిపే జామ్మా కనెక్టరును పాత ముస్తఫా బోర్డుకు తగిలించి కరెంటు ఇచ్చాము. మొదటి ఆటగాడి వైపు బాగానే నడిచింది. రెండో వైపు బాబాయి గారు కూర్చున్నారు. ఆయనకిప్పుడు డెబ్బై రెండేళ్ళు. కొట్టే బటన్ రెండుసార్లు నొక్కి, మూడోసారి వేలు అదిమి పట్టి అలాగే ఉంచి, తెర వైపు చూస్తూ నెమ్మదిగా వేలు ఎత్తారు. దెబ్బ అప్పుడు పడింది. ‘‘ఇది నొక్కితే కొట్టడం లేదురా, వదిలితే కొడుతోంది. తీగ పక్క కాలుకి తగిలించారు’’ అన్నారు.

మల్టీమీటరు పెట్టి చూస్తే ఆయన చెప్పిందే నిజమైంది. ఈ బోర్డుల్లో ప్రతి బటన్ దారిలోనూ మామూలుగా 5 వోల్టులుంటాయి, బటన్ నొక్కగానే ఆ దారి గ్రౌండుకు కలిసి ఆటకు సంకేతం అందుతుంది. అందుకు తీగను మైక్రోస్విచ్‌కు ఉన్న మూడు కాళ్ళలో, నొక్కినప్పుడే కలిసే నార్మల్లీ ఓపెన్ కాలుకు కలపాలి. రెండో ఆటగాడి పై వరుసలో మూడు బటన్లకూ మీ వాళ్ళు, నొక్కనప్పుడు కలిసి ఉండే నార్మల్లీ క్లోజ్డ్ కాలుకు కలిపారు. ఇక కింది వరుసలోని తన్ను బటన్ల తీగలకైతే, రెండు వైపులా కలిపి ఆరింటికీ, కనెక్టరే లేదు. చివర్లు కత్తిరించి టేపు చుట్టి వదిలేశారు. 56 పిన్నుల జామ్మా కనెక్టరులో ఒక్కో ఆటగాడికి మామూలుగా మూడు బటన్లకే దారి ఉంటుందనీ, స్ట్రీట్ ఫైటర్ తన్నులకు విడిగా ఇంకో హార్నెస్ (తీగల కట్ట) కావాలనీ ఈ పని చేసేవారందరికీ తెలుసు. కొటేషన్‌లో దానికి విడిగా డబ్బు కూడా తీసుకున్నారు.

ఎర్తింగ్ విషయంలో మాత్రం నేను సర్దుకుపోలేను. చెక్క పలక ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న రాలేదు. ఇప్పుడు 230 వోల్టుల పవర్ సప్లై, పిక్చర్ ట్యూబు ఉన్న పెట్టెకు ఇనుప మూత పెడుతున్నాము, దాని మీద గంటల తరబడి పిల్లల చేతులుంటాయి. మీ ప్యానెల్‌కు ఎర్తింగ్ బోల్టు లేదు, ఉన్న బోల్టులన్నిటి మీదా పౌడర్ కోటింగ్ పడింది, ఆ కోటింగ్ కరెంటును పోనివ్వదు కనుక వాటికి తీగ చుట్టినా ఫలితం లేదు. ప్యానెల్‌కూ ఎర్తింగ్ పిన్నుకూ మధ్య మీటరు ఎలాంటి కలయికా చూపించలేదు. అందుకే ఆ ఒక్క పరీక్ష తర్వాత దాన్ని మళ్ళీ తగిలించలేదు.

ఇన్ని తేడాలు ఒకేసారి ఎలా వచ్చాయో నాకు మొదట అర్థం కాలేదు. మీ కేటలాగు తీసి చూస్తే, 9,200 రూపాయల రెడీమేడ్ ప్యానెల్ వెడల్పు 615 మి.మీ. అనీ, రంధ్రాలు 30 మి.మీ. అనీ, జాయ్‌స్టిక్ నేరుగా రేకుకే బిగుస్తుందనీ ఉంది. నా ఆర్డరులో కోరినట్టు వచ్చింది ముదురు నీలం రంగు ఒక్కటే. తయారుగా ఉన్న ప్యానెల్‌కు రంగు వేసి, కొలతకు చేసినదాని ధర తీసుకుని పంపారని నేను భావిస్తున్నాను. అది నిజం కాకపోతే నా డ్రాయింగు ప్రకారం రేకు కోసినట్టు మీ వర్క్‌షాపు జాబ్ కార్డు నకలు పంపి రుజువు చేయండి. నా పాత పలక మొత్తం ఏడు వారాలూ మీ దగ్గరే ఉంది. పంపే ముందు కొత్త ప్యానెల్‌ను దాని మీద ఒక్కసారి పెట్టి చూసి ఉంటే, వెడల్పూ రంధ్రాలూ కంటికే తెలిసేవి.

కస్టమర్ కొలతలతో చేసిన వస్తువులను తిరిగి తీసుకోము అనే మీ షరతును ఫోనులో నాకు చదివి వినిపించారు. కొలత ఇచ్చి, ఆ కొలతకే చేయించుకుని, తర్వాత మనసు మార్చుకున్నవాడికి ఆ షరతు న్యాయమే. ఇచ్చిన కొలతకు చేయని వస్తువుకు అది వర్తించదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కూడా, ఒప్పందంలో ఉన్న ప్రమాణానికి తగ్గిన వస్తువు లోపమున్న వస్తువే అవుతుంది.

గోడలు చెక్కించుకోమన్న సలహాకు కూడా ఇక్కడే రాతపూర్వకంగా జవాబు చెబుతున్నాను. పిక్చర్ ట్యూబు బరువు మోసే అడ్డపలక ఆ గోడలకే బిగించి ఉంది. ముప్పై ఏళ్ళ ప్లైవుడ్‌లో నాలుగు మిల్లీమీటర్లు తీస్తే పై పొరలు పోయి, మిగిలినవి ఎక్కడికక్కడ లేచిపోతాయి. మీ ప్యానెల్ లాంటివి ఎన్నయినా కోయవచ్చు, ఆ క్యాబినెట్ మాకు ఒక్కటే ఉంది, దాన్ని చేసిన వడ్రంగి ఇప్పుడు లేరు. ప్యానెల్ కోసం క్యాబినెట్‌ను కోయడానికి మేము ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోము.

కనుక మొదటగా, మిగతా విషయాలు తేలినా తేలకపోయినా, మా పాత పలకను ఈ లేఖ అందిన ఏడు రోజుల్లోగా జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపండి. మీకు కొలతలు మళ్ళీ కావాలంటే దాని మీద కాగితం పరిచి గీసుకోండి, పలకను మాత్రం ఉంచుకోవద్దు. రెండోది, డ్రాయింగు ప్రకారం కొత్త ప్యానెల్‌ను, సరైన వైరింగ్‌తో, తన్ను బటన్ల హార్నెస్‌తో, ఎర్తింగ్ బోల్టుతో ముప్పై రోజుల్లోగా చేసి పంపి, ఇప్పుడున్నదాన్ని మీ ఖర్చుతో తీసుకువెళ్ళండి. అది కుదరదంటే 14,800 రూపాయలూ, పలక పంపడానికి అయిన కొరియర్ ఖర్చు 1,150 రూపాయలూ తిరిగి ఇవ్వండి. ప్యానెల్ ఫొటోలు, టేపు పెట్టి తీసిన కొలతల ఫొటోలు, డ్రాయింగు, కొటేషన్, చెల్లింపు రసీదు నకళ్ళు జతపరిచాను. గడువు లోపల జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, నేను నివసించే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

పలక పంపేటప్పుడు అడుగు వైపు ప్లాస్టిక్ టేపు అతికించకండి. టేపు ఊడదీస్తే బాల్‌పెన్ను రాత దానితో పాటే వచ్చేస్తుంది.

భవదీయుడు,
మీ వినియోగదారుడు
బ్రాడీపేట, గుంటూరు