కాలువ నీటికీ ఒక పరీక్ష కావాలి

గౌరవనీయ సంపాదకులకు నమస్కారం.

మా ఊరి చివర ఒక రొయ్యల చెరువులో పట్టుబడి ముగిసిన మరునాడు గట్టు దిగి చూశాను. నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల సుడికి మేత మిగుళ్లు, రెట్ట కొట్టుకొచ్చి చెరువు మధ్యన పేరుకుపోయాయి. అక్కడ పార వేస్తే పైన పలుచగా గోధుమరంగు మట్టి, దాని కింద కాటుకలాంటి నల్ల బురద, దానితోపాటు కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చాయి. ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన నాకు ఆ రెండు పొరలు పాఠంలా కనిపించాయి. పై పొరలో ప్రాణవాయువు అందే బ్యాక్టీరియా చెత్తను తిని హరాయించుకుంటుంది. గాలి అందని కింది పొరలో వేరే తెగ చేరి, ఉప్పునీటిలోని సల్ఫేటుతో బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. రొయ్య తిరిగేది అడుగునే కాబట్టి, ఆ విషం ముందుగా తగిలేది దానికే.

మేతలోని నత్రజనిలో సగం కూడా రొయ్య ఒంటికి పట్టదు. మిగిలినది అమ్మోనియాగా నీటిలో చేరితే, దాన్ని ఒక తెగ బ్యాక్టీరియా నైట్రైట్‌గానూ, మరో తెగ నైట్రేట్‌గానూ మారుస్తుంది. ఈ రెండు తెగలూ చాలా నిదానంగా పెరుగుతాయి. ఒకటి రెండు కావడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. రైతులకు గుబులు పుట్టించే విబ్రియోలనే రోగకారక బ్యాక్టీరియాకైతే అనువైన నీటిలో గంటలోపు సమయం చాలు. అందుకే పంట మధ్యలో బ్లీచింగో, యాంటీబయాటిక్కో వేసినప్పుడు మంచివీ చెడ్డవీ కలిసి చచ్చినా, ఖాళీ అయిన చోటును మళ్లీ ముందుగా ఆక్రమించేది విబ్రియోలే. ల్యాబ్ రిపోర్టులో పచ్చ కాలనీల (పరీక్ష పళ్లెంలో పచ్చ చుక్కలుగా పెరిగే విబ్రియోల) లెక్క తగ్గిందని సంతోషించిన రైతు, వారం తిరక్కుండానే అంతకు మించిన లెక్క చూసి తల పట్టుకోవడం మా వైపు కొత్తేమీ కాదు.

నా తమ్ముడి కొడుకు చెరువులోనూ జబ్బు ఏదో తేలకుండానే మందు వేశారు. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో తెల్లని దారాల్లాంటి రెట్ట కనిపించగానే వైట్ గట్ అనే పేగు జబ్బు అన్నారు. పైన పేరు తప్ప లోపల ఏముందో రాయని పొట్లం ఒకటి ఒక దుకాణంవారు చేతిలో పెట్టి, మేతలో కలిపి పెట్టమన్నారు. నాలుగు రోజులు మేత బాగానే తిన్నాయి, ఆ తర్వాత రోజూ చనిపోవడం మొదలైంది. వైట్ గట్‌తో ముడిపడిన ఈహెచ్‌పీ అసలు బ్యాక్టీరియానే కాదు, రొయ్య కణాల్లోనే పెరిగే సూక్ష్మ పరాన్నజీవి. బ్యాక్టీరియాను చంపే మందు దాన్ని తాకదు. ఈ ఒక్క సంగతి ఆ కుర్రవాడికి ముందే చెప్పిన వారు లేకపోయారని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

నేను మందులకు వ్యతిరేకిని కాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని ప్రయోగశాల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ ఎన్ని ప్రాణాలు నిలిపిందో లెక్కలేదు. అది కూడా మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దొరికిందే. అటువంటి మందును జ్వరం ఏదో తెలియకుండా మనుషులకూ, జబ్బు ఏదో తేలకుండా చెరువులకూ వాడడమే నాకు భయం కలిగిస్తున్నది. మనిషి ఒంట్లో ఉండే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని అంచనా. మన కణాల సంఖ్యా దాదాపు అంతే. వాటిలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉండి, మనకు అరగని పీచును పులియబెట్టి పేగు గోడకు ఆహారం అందిస్తాయి, రోగకారక క్రిములకు చోటు దొరకనివ్వవు. అక్కర లేకుండా మందు మింగితే ఈ కాపలా చెదిరిపోతుంది. చెరువు అడుగున జరిగేదే కడుపులోనూ జరుగుతుంది.

పైగా చెరువూ, మన కడుపూ వేరువేరుగా లేవు. మందుకు లొంగని లక్షణాన్ని ఒక బ్యాక్టీరియా పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. మా దగ్గర ఒక రైతు వదిలిన నీరే కింది రైతు మోటారుకు అందుతుంది, మిగిలింది క్రీకుల్లోకి, బకింగ్‌హాం కాలువలోకి పోతుంది. ఆ నీటిలో నడుములోతున నిలబడి పీతలు పట్టుకుని బతికే కుటుంబాలున్నాయి.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్కులు రొయ్యల సాగులో నిషేధంలో ఉన్నాయి. 2019లో కొలిస్టిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను కూడా పశువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు అమ్మరాదన్నారు. ఎగుమతికి వెళ్లే సరుకును విదేశాలవారు పరీక్షించి తిప్పి పంపుతారు కనుక అక్కడ జాగ్రత్త ఉంది. మనం రోజూ తాకే కాలువ నీటికీ, బురదకూ అటువంటి జాగ్రత్త మా వైపు నాకు కనబడలేదు.

కనుక మత్స్యశాఖవారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. సాగునీరు తోడుకునే కాలువల్లోనూ, చెరువుల నీరు వదిలే కాలువల్లోనూ పంటకు రెండుసార్లు నమూనాలు తీసి, విబ్రియోల లెక్కనూ, మందుల అవశేషాలనూ, ఏ మందులకు క్రిములు లొంగడం లేదో ఆ వివరాన్నీ రైతు సేవా కేంద్రం బోర్డు మీద తెలుగులో రాసి పెట్టించండి. లోపల ఏముందో రాయని పొట్లాల అమ్మకాన్ని ఆపించండి. రెండెకరాల రైతు ఒక్కడే శుద్ధి చెరువుకు భూమి వదులుకోలేడు, కాబట్టి ఒకే కాలువ మీద ఆధారపడిన పది మందీ కలిసి ఒకటి తవ్వుకుంటామంటే సాయం చేయండి. పంటకూ పంటకూ మధ్య చెరువును పగుళ్లు వచ్చేదాకా ఎండనిచ్చే పాత అలవాటును కౌలు గడువుల తొందర తినేస్తున్నది. కౌలు ఒప్పందంలోనే ఆ విరామానికి నెల రోజులు కేటాయించాలని భూయజమానులను కూడా కోరుతున్నాను.

వచ్చే పంటకు సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే లోపే మొదటి నమూనాలు తీయించాలని ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా.