పానగల్ రాజా శ్రీకాళహస్తి జమీందారు కాదు

సంపాదకులకు,

జిల్లా ప్రముఖుల మీద మీరు వేసిన వ్యాసంలో పానగల్ రాజాను శ్రీకాళహస్తి జమీందారుగా చూపారు. చాలామంది చేస్తున్న పొరపాటే ఇది. పానుగంటి రామరాయణింగారు 1866లో కాళహస్తిలో పుట్టిన మాట నిజం. కానీ కాళహస్తి జమీ దామెర వారిది, చెన్నపట్నానికి పేరు తెచ్చిన చెన్నప్ప నాయకుడి వంశానిది. ఈయన జమీ పానగల్లు.

అంతకన్నా బాధ కలిగించింది, ఆయన గురించి వంశం, బిరుదులు మాత్రమే రాసి ఊరుకోవడం. 1912లో జమీందారుల ప్రతినిధిగా కేంద్ర శాసనమండలికి వెళ్లడానికి వంశం పనికొచ్చింది, కాదనను. 1921 జులైలో, అప్పటిదాకా ఉన్న సుబ్బరాయలు రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకున్నాక మద్రాసు ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. 1926 డిసెంబరు దాకా ఆ పదవిలో ఉన్నారు. అది ద్వంద్వ ప్రభుత్వం. ఖజానా, పోలీసు, భూమి శిస్తు గవర్నరు కార్యవర్గం చేతిలో ఉండేవి. మంత్రులకు దక్కినవి విద్య, వైద్యం, స్థానిక పాలన, దేవాలయాల వంటి శాఖలు. వాటికి కావలసిన డబ్బు కూడా అవతలివాళ్లను అడిగి తెచ్చుకోవాల్సిందే.

ఆ ఇరుకులోనే దేవాదాయ చట్టం తెచ్చారు. తిరుపతివాళ్లం ఇది బాగా తెలుసుకోవాలి. 1863 చట్టం కింద గుళ్ల మీద పర్యవేక్షణ స్థానిక కమిటీలది. సభ్యుడిగా ఒకసారి చేరితే జీవితాంతం కొనసాగవచ్చు. మాన్యం అన్యాక్రాంతమైనా, హుండీ లెక్క తేలకపోయినా భక్తుడు సివిల్ కోర్టు మెట్లెక్కాలి. ఖర్చు, కాలయాపన భరించలేక ఎక్కువమంది ఊరుకునేవారు. అందుకే కోర్టు బయట లెక్కలు అడిగే అధికారంతో ఒక బోర్డు పెట్టాలని 1922లో బిల్లు తెచ్చారు. మఠాధిపతులు, ధర్మకర్తలు గట్టిగా ఎదిరించారు. బిల్లు వెనక్కి వచ్చింది, సవరణలు చేశారు, 1925లో చట్టమైంది. దాని చెల్లుబాటు మీదా పేచీ రావడంతో 1927లో మళ్లీ చేయాల్సి వచ్చింది. అప్పటికి తిరుమల ఇంకా హాథీరాంజీ మఠం మహంతుల ఏలుబడిలోనే ఉంది. 1933లో గానీ అది మారలేదు. ఇవాళ శ్రీకాళహస్తి గుడికి ఈవో దేవాదాయ శాఖ నుంచి వస్తున్నాడంటే దానికి మొదలు అక్కడే.

ఇంకో సవరణ. ఉద్యోగాల్లో 12 స్థానాల వంతుల పద్ధతి, అంటే ప్రతి 12 కొలువులను వర్గాలవారీగా పంచే పద్ధతి, ఆయనదని రాశారు. 1921 జీవో నియామకాలను వర్గాలవారీగా చూడమంది, ఆర్నెల్లకోసారి లెక్క పంపమంది. వంతుల పద్ధతి ఆయన తర్వాత వచ్చిన సుబ్బరాయన్ మంత్రివర్గంలో మంత్రి ముత్తయ్య మొదలియార్ తెచ్చింది.

1923 నవంబరులో పానగల్ రాజా మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది మన చిత్తూరు కట్టమంచి వాసే, రామలింగారెడ్డి. అంతకుముందు ఇద్దరూ బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీలోనే ఉండేవారు. తీర్మానానికి 44, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చాయి. పానగల్ నిలిచారు. మూడేళ్లకు అదే మంత్రివర్గం కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టమైతే, దాని తొలి వైస్‌ఛాన్సలర్‌గా వెళ్లింది ఆ రామలింగారెడ్డే. అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచే వెళ్లిన ఈ ఘట్టం మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

సవరణ వేసేటప్పుడు ఫొటో కింద ‘జమీందారు’ అని వదిలేయకుండా ‘మద్రాసు ప్రధానమంత్రి, 1921–26’ అని వేయండి. పక్కన కట్టమంచి వారి ఫొటో కూడా ఉండాలి.

ఒక పాఠకుడు,
తిరుపతి