జోహ్రా సెహగల్ అంటే 'బాలీవుడ్ బామ్మ' మాత్రమేనా?

సంపాదకులకు,

నటి జోహ్రా సెహగల్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం ఆప్యాయంగా ఉంది. కానీ మొదటి నుంచి చివరిదాకా ఆవిడ అందులో 'బాలీవుడ్ బామ్మ'గానే కనిపించారు. ఆవిడ పుట్టింది 1912లో. 'వీర్-జారా' సినిమా వచ్చిన 2004 నాటికే తొంభై దాటాయి. ఉదయ్ శంకర్ నృత్య బృందంలో చేరింది 1935లో. నడుమ గడిచిన అరవై తొమ్మిదేళ్లకు వ్యాసంలో దక్కింది ఒక్క పేరా.

ఆ పేరాలోనూ ఒక పొరపాటుంది: 'పృథ్వీ థియేటర్స్' అంటే ముంబైలోని జుహూ హాలే అన్నట్టు ఫొటో కింద రాశారు. ఆవిడ 1945 నుంచి పద్నాలుగేళ్లు పనిచేసిన 'పృథ్వీ థియేటర్స్'కు సొంత హాలు లేదు. అది పృథ్వీరాజ్ కపూర్ 1944లో పెట్టిన నాటక సంస్థ, సామాను రైలెక్కించుకుని ఊరూరా తిరిగిన బృందం. మీరు ఫొటో వేసిన జుహూ థియేటర్ కట్టింది 1978లో. అలాగే ఆ బృందం ఆడిన 'దీవార్' నాటకం వేరు, 1975 నాటి సినిమా వేరు.

నాటకానికి రీలు మిగలదు. అందుకే ఎవరు జాబితా రాసినా సినిమాలే బారుగా వస్తాయి. 1946లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచిన 'నీచా నగర్'లో ఆవిడ ఉన్నారు, నిజమే. కానీ అప్పటికి రోజువారీ పని మాత్రం స్టేజీదే. ఆ పనికి పునాది అంతకంటే ముందే పడింది: జర్మనీలో, డ్రెస్డెన్‌లోని మేరీ విగ్‌మన్ స్కూల్లో మూడేళ్ల నృత్య శిక్షణ.

ఇక అసలు విషయం. స్టేజీ మీద పండిన మనిషి కెమెరా ముందు ఎందుకు తేలిపోతుంది? పరిషత్తు నాటకాలు ఆడేవాళ్లకు ఇది బాగా తెలుసు. మైకు లేని హాల్లో మాట చివరి వరుసకు చేరాలి, చెయ్యి భుజం దగ్గర్నుంచి లేవాలి. క్లోజప్‌లో అదే పని చేస్తే చెయ్యి ఫ్రేమ్ దాటిపోతుంది, తల రెండంగుళాలు ముందుకొస్తే ఫోకస్ పోతుంది, గొంతు మైకులో పగులుతుంది. సరే కదా అని గొంతు తగ్గిస్తే ఊపిరి కూడా తగ్గుతుంది. అప్పుడు వాక్యం చివరి మాట గొంతులోనే ఆగిపోతుంది. నిజానికి తగ్గించాల్సింది శబ్దాన్ని, ఊపిరిని కాదు. చెయ్యి మణికట్టు దగ్గరే ఆగాలి. మాట చివరి వరుసకు కాదు, ఎదుటి పాత్రకు చెప్పాలి. పైగా షూటింగులో సీన్లు వరసలో రావు. చావు సీను పొద్దున, దానికి ముందు జరగాల్సిన పెళ్లి సీను మధ్యాహ్నం. రెండు గంటల నాటకంలో మెల్లగా పేరుకునే భావాన్ని ఇక్కడ ముక్కలుగా గుర్తుపెట్టుకోవాలి, కప్పు ఏ చేత్తో పట్టుకున్నారో దాంతో సహా.

ఆవిడ 1962లో, యాభయ్యో ఏట, లండన్ వెళ్లి ఈ పని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. గ్రెనడా టెలివిజన్ తీసిన 'ద జ్యువెల్ ఇన్ ద క్రౌన్' సీరియల్ 1984లో ప్రసారమైనప్పుడు, లేడీ ఛటర్జీగా కనిపించిన ఆవిడకు డెబ్భై ఒకటి. ఆ వెంటనే చానల్ ఫోర్‌లో 'తందూరీ నైట్స్'. ఇవేవీ వ్యాసంలో లేవు. 'చీనీ కమ్' సినిమాలో అమితాబ్ తల్లిగా చేసిన పాత్ర చూడండి. పనంతా మెడ, కళ్లు, మాట విరుపు చేస్తాయి. అది వయసు తెచ్చిన ముద్దు అనుకుంటే పొరపాటు. అందులో ఉన్నది డ్రెస్డెన్ డాన్సూ, పృథ్వీ స్టేజీ, లండన్ టీవీ.

1993లో లాహోర్‌లో 'ఏక్ థీ నానీ' (అనగనగా ఒక అమ్మమ్మ) నాటకంలో చెల్లెలు ఉజ్రా బట్‌తో కలిసి స్టేజీ ఎక్కారు. ఒకరు భారత్‌లో, ఒకరు పాకిస్తాన్‌లో స్థిరపడ్డ అక్కచెల్లెళ్లు వాళ్లు. అప్పటికి ఆవిడ వయసు ఎనభై ఒకటి. బామ్మ అనే మాటే కావాలనుకుంటే ఆ నాటకం పేరులోనే ఉంది.

ఇంకోసారి రాసేటప్పుడు నాటకం, టీవీ, సినిమా మూడింటినీ సంవత్సరాలతో విడివిడిగా ఇవ్వండి. ప్రస్తుతానికి ఆ జుహూ ఫొటో కింది వాక్యానికి సవరణ వేస్తే చాలు.

ఇట్లు,
ఒక నాటకాభిమాని