వార్షిక నివేదిక: హీత్ భూముల్లో, అడవుల్లో మన కుక్కలతో నడక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం శ్రమంతా చాలావరకు ఒక్క విషయానికే పోయింది: వసంతం, వేసవి నెలల్లో కుక్కకు లీష్ వేసి నడిపించడం. అంత పట్టుదల ఎందుకని చాలామంది అడిగారు కాబట్టి ముందు అదే చెబుతాను.

దక్షిణ ఇంగ్లాండ్‌లో మనం తిరిగే హీత్ భూములు పైకి ఉత్త బీళ్లలా కనిపిస్తాయి. ఇసుక నేల, మోకాలెత్తు పెరిగే హెదర్ అనే చిన్న పొదలు, ముళ్ల గోర్స్ పొదలు. కుక్కను వదిలేస్తే ఎవరికి నష్టం అనిపిస్తుంది. కానీ మే నెలలో ఆఫ్రికా నుంచి వచ్చే నైట్‌జార్ అనే పక్షి గూడు కట్టదు. వట్టి నేల మీదే మామూలుగా రెండు గుడ్లు పెట్టి, కళ్లు సగం మూసుకుని కదలకుండా పొదుగుతుంది. ఒంటి రంగు ఎండుటాకుల్లో, బెరడులో కలిసిపోతుంది. పక్కనుంచే వెళ్లినా మనకు కనబడదు, కుక్క ముక్కుకు మాత్రం దొరికిపోతుంది. కుక్క మీదికొచ్చేదాకా కూర్చుని ఒక్కసారిగా లేచిపోతుంది. కుక్క ఆ గుడ్లను ముట్టుకోకపోవచ్చు. అయినా అవి బయటపడ్డాయి, చూస్తున్న కాకికి అంతే చాలు. "మావాడు చీమకైనా హాని చేయడు" అని సభ్యులు చెప్పింది నిజమే. ఎంత సాధుకుక్కైనా పక్షి లేచిపోక తప్పదు. వుడ్‌లార్క్ అనే మరో పక్షి అయితే మార్చిలోనే నేల మీద గూడు పెడుతుంది.

చట్టం కూడా ఇందుకు తగ్గట్టే ఉంది. 2000 నాటి కంట్రీసైడ్ అండ్ రైట్స్ ఆఫ్ వే చట్టం కింద ప్రజలకు తెరిచిన భూముల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కకు లీష్ ఉండాలి. దాని పొడవు 2 మీటర్లు దాటకూడదు. బటన్ నొక్కితే సాగే లీష్ ఈ లెక్కలోకి రాదు. పశువుల దగ్గర ఏడాదంతా ఇదే నియమం.

కుక్క పరిగెత్తాలన్న కోరిక కూడా న్యాయమైనదే. అందుకే వసంతకాలపు నడకలను, థేమ్స్ బేసిన్ హీత్స్ అనే హీత్ ప్రాంతం పరిసరాల్లో, కొత్త ఇళ్ల నిర్మాణదారుల డబ్బుతో హీత్‌కు ప్రత్యామ్నాయంగా ఏర్పాటైన పచ్చిక మైదానాలకు మార్చాం. అక్కడ కుక్కల్ని స్వేచ్ఛగా వదలొచ్చు. పిలిస్తే వెనక్కి వచ్చే శిక్షణ చలికాలంలో పెట్టాం. హాజరు బాగుంది, మళ్లీ పెడతాం.

రెండో పెద్ద సమస్య మలం. సంచిలో తీసి, ఆ సంచిని కొమ్మకు తగిలించి వెళ్లిపోయేవాళ్లున్నారు. శుభ్రత కార్యక్రమంలో బిర్చ్ చెట్ల కొమ్మలకు వేలాడుతున్న అలాంటి సంచులు చాలానే తీశాం. ఎండకు చీలి, అందులోది కింది హెదర్ మీద కారుతోంది. సంచి ఇంటిదాకా మోయాల్సిందే. అసలు తీయకుండా వదిలేసినా తప్పే. హెదర్ బతికేది సారం లేని నేలలో. మలంతో నైట్రోజన్, ఫాస్ఫరస్ చేరితే గడ్డి పెరిగి హెదర్‌ను మింగేస్తుంది. పైగా కుక్క మలంలో ఉండే నియోస్పోరా అనే పరాన్నజీవి వల్ల ఆవులకు గర్భస్రావం అవుతుంది.

చెరువుల గురించి కొందరికి కొత్తగా అనిపించిన మాట: మెడ మీద వేసే పేల మందుల్లోని ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ నీటి పురుగుల్ని చంపుతాయి. మందు వేశాక వెంటనే కుక్కను నీళ్లలోకి దించొద్దు.

ఏప్రిల్‌లో ఒక సభ్యురాలి లాబ్రడార్‌ను ఆడర్ అనే విషపాము కరిచింది. ఆవిడ టెన్షన్ పడకుండా, దాన్ని నడవనీయకుండా ఎత్తుకుని నేరుగా వెట్ (పశువైద్యుడి) దగ్గరికి తీసుకెళ్లారు, కోలుకుంది. చేయాల్సింది అదే. గాయం కోయడం, పీల్చడం వద్దు. ఆవులు తరుముకొస్తే మాత్రం లీష్ వదిలేయండి, కుక్క తప్పించుకుంటుంది, మీరూ బతుకుతారు.

అడవుల్లో బ్లూబెల్ పూల కాలంలో దారి వదిలి పక్కకు నడవొద్దు, తొక్కిన ఆకులు కోలుకోవు. చలికాలపు బురద నడక తర్వాత కాళ్లు, పొట్ట కడిగి, పిడుదుల కోసం చెవుల వెనక, వేళ్ల సందుల్లో చూడండి.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. వచ్చే ఏడాది ఫిబ్రవరిలోనే, అంటే పక్షుల కాలం మొదలవకముందే, కొత్త సభ్యులకు పరిచయ నడక పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. దారి చూపడానికి అనుభవమున్న సభ్యులు కావాలి. వీలున్నవారు సర్వసభ్య సమావేశంలో పేరు ఇవ్వండి.

కార్యదర్శి