బెల్జియం చిక్కు రోజుల లెక్కలో లేదు

సంపాదకులకు నమస్కారం.

బెల్జియం ఎన్నికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పత్రికలు ఆ దేశం ప్రభుత్వం లేకుండా ఎన్ని రోజులు గడిపిందో లెక్క చెప్పి ఊరుకుంటున్నాయి. 2010 జూన్ ఎన్నికల తరువాత ఎలియో డి రూపో మంత్రివర్గం కొలువుదీరడానికి 541 రోజులు పట్టిన సంగతీ, 2024 జూన్ 9న పోలింగ్ జరిగితే బార్ట్ డె వేవర్ 2025 ఫిబ్రవరి 3న గాని ప్రధానిగా ప్రమాణం చేయలేకపోయిన సంగతీ నిజమే. అయితే ఆ 541 రోజుల వ్యవధిలోనే అక్కడి ఆపద్ధర్మ ప్రభుత్వం ఐరోపా సమాఖ్య మండలి అధ్యక్ష బాధ్యతను నిర్వహించింది, లిబియా మీదికి యుద్ధ విమానాలను సైతం పంపింది. జాప్యాన్ని చూసి నవ్వుకునే ముందు దాని మూలం ఎక్కడుందో చూడాలి.

బెల్జియం ప్రతినిధుల సభలోని 150 స్థానాలను 11 నియోజకవర్గాల నుంచి దామాషా పద్ధతిలో, అంటే పార్టీల అభ్యర్థుల జాబితాలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిలో భర్తీ చేస్తారు. ఓటు వేయడం 1893 నుంచి తప్పనిసరి. కానీ డచ్ మాట్లాడే ఆంట్వెర్ప్‌లో ఓటరు చేతికి వచ్చే బ్యాలెట్ మీద ఫ్రెంచి సోషలిస్టుల జాబితా ఉండదు. ఫ్రెంచి మాట్లాడే లియేజ్‌లో ఫ్లెమిష్ (డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతపు) క్రైస్తవ ప్రజాస్వామ్యవాదుల జాబితా ఉండదు. 16 స్థానాలున్న బ్రస్సెల్స్‌లోనూ, దాని శివార్లలోని కొద్ది పురపాలికల్లోనూ మాత్రమే ఓటరు రెండు భాషల జాబితాల్లో దేన్నైనా ఎంచుకోగలడు. డచ్ ప్రాంతంలో ఉన్న ల్యూవెన్ విశ్వవిద్యాలయంలోని ఫ్రెంచి విభాగం అక్కడి నుంచి వెళ్లిపోవాలన్న ఉద్యమం 1968లో ప్రభుత్వాన్నే కూల్చింది. ఆ ఊపులో క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులు, తరువాత ఉదారవాదులు, 1978లో సోషలిస్టులు భాషల వారీగా విడిపోయారు. నేడు సభలో చెప్పుకోదగ్గ బలమున్న పార్టీల్లో రెండు భాషల వారినీ ఒకే గొడుగు కింద ఉంచుకున్నది, 2024లో 15 స్థానాలు గెలిచిన వామపక్ష వర్కర్స్ పార్టీ ఒక్కటే.

దీని పర్యవసానం ప్రచారంలోనే కనిపిస్తుంది. అవతలి భాష వారిని ఎంత తూలనాడినా ఒక్క ఓటూ పోదు, వారికి ఎంత మేలు చేసినా ఒక్క ఓటూ కలిసిరాదు. డె వేవర్‌కు చెందిన ఫ్లెమిష్ జాతీయవాద పార్టీ 2024లో 24 స్థానాలతో అన్నిటికంటే ముందు నిలిచింది. ఫ్రెంచి మాట్లాడే వలోనియాలోనూ జాబితాలు నిలిపింది గాని అక్కడ ఒక్క స్థానమూ దక్కలేదు. అలా నెగ్గిన నాయకుడు ఫ్రెంచి పార్టీలనూ కలుపుకొని అయిదు పార్టీల ప్రభుత్వాన్ని నడపాలంటే, ఎన్నికల వేళ ఎవరికి వారు తమ వైపు జనానికి ఇచ్చిన మాటలన్నీ ఒకే బల్ల మీద మళ్లీ బేరానికి వస్తాయి. నెలలు గడిచేది అందుకే.

కేంద్ర సిలబస్ పదో తరగతి పాఠ్యపుస్తకం అధికార పంపిణీకి బెల్జియాన్ని ఆదర్శంగా చూపుతుంది. ప్రధానిని మినహాయిస్తే మంత్రివర్గంలో డచ్, ఫ్రెంచి భాషల వారు సమానంగా ఉండాలన్న నియమం, కొన్ని ప్రత్యేక చట్టాలకు రెండు భాషా వర్గాల్లోనూ వేర్వేరుగా మెజారిటీ కావాలన్న నియమం మెచ్చుకోదగ్గవే. ఆ పాఠం చెప్పే ఉపాధ్యాయురాలిగా నా అసంతృప్తి ఒక్కటే: ఇవన్నీ గెలిచాక నాయకులు పంచుకునే వాటాలు, ఓటరు పాత్ర వీటిలో ఎక్కడా లేదు. పావియా బృందంగా పేరుపడిన అక్కడి విద్యావేత్తలు 2007లో ఒక మార్గం సూచించారు. 150లో 15 స్థానాలకు దేశమంతటినీ ఒకే నియోజకవర్గంగా చేసి, రెండు భాషలకూ కోటాలు పెడితే, ప్రధాని పదవి ఆశించేవారు రెండు వైపులా ఓట్లు అడగక తప్పదని వారి వాదన. అది ఇంతవరకూ అమలు కాలేదు. ఫ్లెమిష్ జాతీయవాదులకు అది రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. భాషా కోటాలు ఉన్నప్పుడు వారి వాటాకు వచ్చే ముప్పేమిటో మాత్రం నాకు అర్థం కాదు.

2024లో బెల్జియం పోలింగ్ కంటే అయిదు రోజుల ముందు వెలువడిన మన లోక్‌సభ ఫలితాల్లో 16 స్థానాలు గెలిచిన తెలుగుదేశం కేంద్ర ప్రభుత్వానికి కీలకమైన అండ అయింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్, భాజపా, వామపక్షాలు కూడా పోటీలో ఉన్నాయి. ప్రాంతీయ పార్టీలు బలంగా ఉండటం వేరు, దేశవ్యాప్త పార్టీ దాదాపు లేకపోవడం వేరు. మన విశ్లేషకులు ఈ రెంటినీ కలిపేసి ‘సంకీర్ణాల తలనొప్పి’ అని రాసేస్తున్నారు.

బెల్జియంలో తదుపరి ఎన్నికలు ఐరోపా పార్లమెంటు ఎన్నికలతో పాటు 2029లో జరగాలి. అప్పుడైనా మీ పత్రిక పార్టీల బలాబలాలను ఒకే పట్టికలో కలిపి వేయకుండా, ఫ్లాండర్స్, వలోనియా, బ్రస్సెల్స్ ఫలితాలను విడివిడిగా ఇవ్వాలనీ, లియేజ్ నియోజకవర్గంలో కలిసిపోయి సభలో తమకంటూ కేటాయించిన స్థానమేదీ లేని ఆయ్‌పెన్ ప్రాంతపు జర్మన్ భాషీయుల గురించి కనీసం రెండు వాక్యాలు చేర్చాలనీ కోరుతున్నాను.

— ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం