శ్రీనిలయం అని రాస్తే తొమ్మిది ప్రశ్నార్థకాలు పంపారు

హైదరాబాద్

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ వెబ్‌సైట్ ఫారంలో తెలుగు అక్షరాలు పాడైపోవడం, తప్పుగా చెక్కిన నేమ్‌ప్లేట్ గురించి

అయ్యా,

నిజాంపేటలో మేం కొత్తగా కొనుక్కున్న ఫ్లాట్ గృహప్రవేశానికి మీ సైట్‌లో స్టీల్ నేమ్‌ప్లేట్ ఆర్డర్ చేశాను. ‘ప్లేట్ మీద రాయాల్సిన పేరు’ అన్న గడిలో ‘శ్రీనిలయం’ అని తెలుగులో టైప్ చేశాను. పక్కన ప్రివ్యూలో చక్కగా కనిపించింది, డబ్బు కట్టేశాను. పార్సిల్ ముహూర్తానికి ముందురోజు సాయంత్రం వచ్చింది. విప్పి చూస్తే ప్లేట్ నిండా ప్రశ్నార్థకాలు. చెక్కడం మాత్రం చాలా నీట్‌గా ఉంది, అది ఒప్పుకోవాలి. మా నాన్నగారు కళ్లజోడు సర్దుకుని చూసి, “ఇల్లు ఎవరిదని ఇదే మనల్ని అడుగుతోందేంట్రా” అన్నారు. చివరికి గుమ్మానికి మామిడి తోరణం ఒక్కటే కట్టి పని కానిచ్చాం.

మీ కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి “మీ ఫోన్‌లో ఫాంట్ ప్రాబ్లం సర్” అన్నారు. స్టీల్ మీద చెక్కినదానికి నా ఫోన్ ఫాంట్‌తో ఏం పని? పైగా ఫాంట్ లేకపోతే మామూలుగా ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, ప్రశ్నార్థకాలు కాదు. రెండోసారి బ్రౌజర్‌లో దాచి ఉంచిన పాత డేటా, అదే క్యాష్, క్లియర్ చేయమన్నారు. మూడోసారి “ఈసారి ఇంగ్లిష్‌లో టైప్ చేయండి సర్” అన్నారు. తెలుగు నేమ్‌ప్లేట్లు అమ్ముతున్నామని బ్యానర్ పెట్టుకున్న సైట్ నుంచి వచ్చిన సలహా ఇది.

నేను వెబ్ అప్లికేషన్ల టెస్టింగ్‌లో పనిచేస్తాను, అందుకే ఆ ప్రశ్నార్థకాలను లెక్కపెట్టాను. తొమ్మిది ఉన్నాయి. ‘శ్రీనిలయం’ చూడటానికి నాలుగక్షరాలే అయినా, అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, న, గుడి, ల, య, సున్నా కలిపి తొమ్మిది కోడ్‌లు. ఆ కోడ్‌లను కంప్యూటర్‌లో బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, అంటే మొత్తం 27. బైట్లను విడివిడిగా తప్పుగా చదివి ఉంటే ఇరవై ఏడు దాకా పిచ్చి గుర్తులు రావాలి. సరిగ్గా తొమ్మిదే వచ్చాయంటే, తెలుగుకు చోటులేని లాటిన్-1 లాంటి క్యారెక్టర్ సెట్‌లోకి (అక్షరాల పట్టికలోకి) మార్చే చోట, ఒక్కో కోడ్ బదులు ఒక్కో ప్రశ్నార్థకం పెట్టారన్నమాట.

ఆ పిచ్చి గుర్తులు కూడా నాకు అందాయి, మీ కన్ఫర్మేషన్ మెయిల్‌లో. నెత్తిన గీతతో ఇంగ్లిష్ చిన్న ‘ఎ’, దాని పక్కన ఒకసారి డిగ్రీ గుర్తు, ఒకసారి ప్లస్-మైనస్ గుర్తు. అది వేరే జబ్బు: మెయిల్‌లో యూటీఎఫ్-8 అని చెప్పకుండా పంపారు. అందులో బైట్లు భద్రంగా ఉన్నాయి, సరిగ్గా చదివించగానే ‘శ్రీనిలయం’ వచ్చేసింది. అంటే ఫారం నుంచి మీ సర్వర్ దాకా పేరు క్షేమంగానే చేరింది. ‘నా ఆర్డర్లు’ పేజీలో మాత్రం మళ్లీ తొమ్మిది ప్రశ్నార్థకాలే. కాబట్టి నా అనుమానమంతా డేటాబేస్ మీదే.

మీ టెక్నికల్ టీమ్ డేటాబేస్‌లో నా ఆర్డర్‌లోని పేరును హెక్స్‌లో, అంటే బైట్ల అసలు అంకెల్లో, చూస్తే తేలిపోతుంది. వరసగా 3ఎఫ్ (ప్రశ్నార్థకం కోడ్) అని ఉంటే అసలు పేరు పోయినట్టే, ఇప్పుడు కాలమ్‌ని మార్చినా అది తిరిగి రాదు. మీది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే టేబుల్‌నీ, కనెక్షన్‌నీ రెండింటినీ యూటీఎఫ్‌8ఎంబీ4కి (అందులో పూర్తి యూటీఎఫ్-8 పేరు అదే) మార్చాలి, ఒకటి వదిలేస్తే ఇదే కథ మళ్లీ మొదలు. స్ట్రిక్ట్ మోడ్ కూడా ఆన్ చేయించండి. అప్పుడు పట్టని అక్షరం వస్తే ఎర్రర్ చూపిస్తుంది, నోరుమూసుకుని ప్రశ్నార్థకం పెట్టదు. ఇక చెక్కే మిషన్ దగ్గరున్న మనిషికి తొమ్మిది ప్రశ్నార్థకాలు చూసి ఒక్క ఫోన్ చేయాలని ఎందుకు అనిపించలేదో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నాకు ‘శ్రీనిలయం’ అని సరిగ్గా చెక్కిన ప్లేట్ పది రోజుల్లో ఉచితంగా పంపండి, లేదా మొత్తం డబ్బు వాపసు ఇవ్వండి. తెలుగులో పేరు ఇచ్చిన మిగతా ఆర్డర్లను మిషన్ ఎక్కించే ముందు ఒకసారి చూసుకోండి. స్పందన రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ప్లేట్ ఫోటో, మెయిల్ కాపీ, ‘నా ఆర్డర్లు’ స్క్రీన్‌షాట్ జతపరిచాను. డెలివరీ అడ్రస్ ఇంగ్లిష్‌లో రాశాను కాబట్టి ఆ ప్లేట్ అయినా ఇంటికి చేరింది.

ఇట్లు,
మీ కస్టమర్,
నిజాంపేట