మన మంచి చిత్రాలను మనకే చూపించండి

సంపాదక మహాశయా,

ప్రతి శుక్రవారం విడుదలయ్యే భారీ చిత్రాల సందడిలో, జాతీయ పురస్కారాలు పొంది కూడా మన ప్రేక్షకులకు చేరని తెలుగు చిత్రాల ప్రస్తావన మీ సినిమా పేజీలో తరచుగా రావాలని కోరుతున్నాను. బి. నర్సింగరావు దర్శకత్వం వహించిన ‘దాసి’ (1988) అర్చనకు ఉత్తమ నటిగా, చిత్రకారుడు తోట వైకుంఠానికి కళా దర్శకత్వానికి జాతీయ పురస్కారాలు తెచ్చింది. దొర గడీలో బానిసగా బతికే కమలాక్షి వేదనను మాటలతో కన్నా మౌనంతోనే, ఆ గోడల నీడల్లోనే చూపిన ఆ చిత్రానికి సాటిరాగలవి తెలుగులో చాలా తక్కువని నా దృఢమైన అభిప్రాయం. పొట్ట చేతపట్టుకొని పల్లె నుంచి నగరానికి వచ్చిన కూలీల కథ ‘మట్టి మనుషులు’ను హైదరాబాదు వాసులు తప్పక చూడాలి, ఈ నగరంలోని మేడలు ఎవరి చెమటతో లేచాయో అందులో కనిపిస్తుంది. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ (1977) కూడా అటువంటిదే. రవీంద్రభారతి ఆవరణలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో వీటిని విద్యార్థుల కోసం ప్రదర్శించాలని సాంస్కృతిక శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాదు